ఇంజిన్ లైట్ వెలిగింది: ఇంట్లో చూసుకోవాలా, షెడ్డులో చూపించాలా, షోరూమ్‌కే పోవాలా?

డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగి ఆరకుండా ఉంటే మన దగ్గర సలహాలకు కొదవ ఉండదు. బ్యాటరీ టెర్మినల్ పీకి కాసేపాగి పెట్టు, అదే పోతుంది అని ఒకరంటారు. సెన్సర్ పోయింది, మార్చెయ్ అని ఇంకొకరు. మనకెందుకు రిస్కు, షోరూమ్‌లో ఇచ్చెయ్ అని ఇంట్లోవాళ్లు. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో ఉన్నవాళ్లకు సర్వీస్ సెంటర్ ఊళ్లోనే దొరుకుతుంది, కానీ దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు వాళ్లకు బండి ఇచ్చి తెచ్చుకోవడానికే ఒకటి రెండు రోజులు పోతాయి, ఆ మధ్యలో పని ఆగిపోతుంది. అందుకే ఏది ఇంట్లో చేసుకోవచ్చు, దేనికి బయటికి పోవాలి అన్నది ముందే తెలిసి ఉంటే పైసలూ మిగులుతాయి, టెన్షనూ తగ్గుతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. లైట్ ఎందుకు వెలిగిందో చదువుకోవడం మాత్రం ఎవరి బండికి వాళ్లు ఇంట్లోనే చేసుకోవాలి. రిపేరు ఎక్కడ అన్నది ఆ తర్వాతి సంగతి. అది కోడ్‌ని (లోపం ఏంటో చెప్పేందుకు బండి కంప్యూటర్ రాసిపెట్టుకునే నంబర్‌ని) బట్టి, బండి పెట్రోలా డీజిలా అన్నదాన్ని బట్టి, వారంటీ మిగిలి ఉందా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. వారంటీలో ఉన్న బండికైతే అసలు ఆలోచనే వద్దు, కోడ్ ఫొటో తీసి పెట్టుకుని సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి, ఒక్క బోల్టు కూడా విప్పకండి.

లైట్ నిలకడగా ఉందా, మిణుకుమంటోందా

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. లైట్ నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగానే లాగుతూ ఉంటే, తొందరేమీ లేదు, ఇంటికి మెల్లగా చేరుకుని సాయంత్రం తీరిగ్గా చూసుకోవచ్చు. పెట్రోల్ బండిలో లైట్ మిణుకు మిణుకుమంటూ, ఇంజిన్ కుదుపులు ఇస్తూ ఉంటే మాత్రం వెంటనే పక్కకు ఆపాలి. దాని అర్థం ఏదో సిలిండర్‌లో పెట్రోల్ మండడం లేదని, అంటే మిస్‌ఫైర్ అవుతోందని. ఆ మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, ఆ వేడికి లోపలి జల్లెడలాంటి సిరామిక్ దిమ్మ కరిగిపోతుంది. ఆ దిమ్మ మీద పూత ప్లాటినం, పల్లేడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలది. కొన్ని వందల రూపాయల ప్లగ్గుతో పోయేది పదుల వేలకు ఎక్కేది సరిగ్గా ఇక్కడే. పక్కనే ఎర్రగా ఆయిల్ లైటో టెంపరేచర్ లైటో కూడా వెలిగితే అది వేరే కథ, ఇంజిన్ ఆపేయండి, తోసుకుని పోయినా పర్వాలేదు, స్టార్ట్ చేయకండి.

స్కానర్ కొనాలా, షెడ్డులో పెట్టించుకోవాలా

గత పదేళ్లలో వచ్చిన దాదాపు ప్రతి కారుకీ స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది, కోడ్లు చదివేది దాంట్లోంచే. దానికి పెట్టే చిన్న బ్లూటూత్ అడాప్టర్, అదే స్కానర్, ఆన్‌లైన్‌లో కొన్ని వందల నుంచి రెండు మూడు వేల దాకా దొరుకుతుంది. ఫోన్‌లో ఒక యాప్ వేసుకుంటే చాలు. మరీ చవకవి కొన్ని బండ్లతో అసలు మాట్లాడవు, మధ్యలో కనెక్షన్ తెగిపోతుంది, కాబట్టి అన్నిటికంటే చవకది కాకుండా ఒక మెట్టు పైది, మీ బండి మోడల్‌కు పనిచేసిందని కొన్నవాళ్లు రాసినది తీసుకోండి. ఐఫోన్ ఉన్నవాళ్లు తమ ఫోన్‌కు కలుస్తుందో లేదో చూసుకుని కొనాలి. పని అయ్యాక సాకెట్‌లోంచి తీసి డబ్బాలో పెట్టుకోండి, రోజుల తరబడి అలాగే వదిలేస్తే బ్యాటరీ తాగుతుంది.

షెడ్డులో స్కాన్‌కు కూడా పెద్దగా తీసుకోరు, అదీ మంచి దారే. తేడా ఎక్కడంటే, షెడ్డులో చాలాసార్లు కోడ్ చూసి, అక్కడికక్కడే చెరిపేసి, "అయిపోయిందన్నా, పో" అంటారు. మీ చేతికి ఏమీ రాదు. ఇంట్లో అయితే కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చూడొచ్చు. అంటే లైట్ వెలిగిన ఆ క్షణంలో స్పీడ్ ఎంత, ఇంజిన్ వేడి ఎంత, ఆర్‌పీఎం ఎంత అన్న లెక్కలు. చల్లటి ఇంజిన్ మీద వచ్చిందా, హైవే మీద వచ్చిందా అన్నది తెలిస్తే సగం పని అయినట్టే. దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోకుండా కోడ్ చెరపకండి, చెరిపితే అదీ పోతుంది. బ్యాటరీ టెర్మినల్ పీకినా అంతే, పైగా ఇంజిన్ కంప్యూటర్ నేర్చుకున్న సర్దుబాట్లు కూడా పోయి కొన్ని రోజులు ఐడ్లింగ్ సరిగా ఉండదు. లోపం అలాగే ఉంటే లైట్ మళ్లీ వస్తుంది, చెరిపి సాధించేదేమీ లేదు.

చవక స్కానర్‌కు హద్దులున్నాయి, అవి కూడా తెలిసి ఉండాలి. కంపెనీ సొంతంగా పెట్టుకునే కోడ్లకు అర్థం చెప్పలేదు. డీజిల్ బండిలో డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో) నిండిన మసిని బలవంతంగా కాల్పించడం లాంటివి దాని వల్ల కావు. అందుకు మల్టీ బ్రాండ్ స్కానర్ ఉన్న షెడ్డో, కంపెనీ సర్వీస్ సెంటరో కావాల్సిందే.

ఇంకో మాట, ఇది చాలామందికి తెలియక టైం వృథా చేసుకుంటారు. ఇంటర్నెట్‌లో దొరికే వీడియోలు ఎక్కువ శాతం అమెరికావి. అందులో మొదట చెప్పేది పెట్రోల్ ట్యాంక్ మూత బిగించమని. అక్కడి బండ్లు ట్యాంక్ ఆవిరి లీకవుతోందా అని వాటంతట అవే పరీక్షించుకుంటాయి, అక్కడి చట్టం అది. మన భారత్ స్టేజ్ (బీఎస్) కాలుష్య నిబంధనలు యూరప్ దారిలో వచ్చినవి, ఆ లీకు పరీక్ష మన బండ్లలో చాలావరకు ఉండదు. మూత బిగించుకోవడం మంచిదే, కానీ మీ లైట్‌కు కారణం అది అయ్యే అవకాశం తక్కువ.

పెట్రోల్ బండి: ఇక్కడ ఇంటి పనిదే పైచేయి

కోడ్ అంటే చచ్చిన పార్టు పేరు కాదు, ఎవరు ఫిర్యాదు చేస్తున్నారో చెప్పేది మాత్రమే. ఈ ఒక్కటీ పట్టుకుంటే అనవసరంగా పార్టులు కొనడం ఆగిపోతుంది.

మిస్‌ఫైర్ తీసుకోండి. పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0302 అంటే రెండోది, అలా. షెడ్డులో అయితే నాలుగు ప్లగ్గులూ, నాలుగు కాయిల్సూ (ప్లగ్గులకు కరెంటు ఇచ్చేవి) మార్చేద్దాం అంటారు. ఇంట్లో ఏం చేయొచ్చంటే, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ ఉండే బండి అయితే, ఒకటో సిలిండర్ కాయిల్ మీది క్లిప్ మెల్లగా నొక్కి కనెక్టర్ తీయండి (ఎండకు ఎండిన ప్లాస్టిక్ పుటుక్కున విరుగుతుంది, లాగొద్దు), పది నంబర్ స్పానర్‌తో ఒక్క బోల్టు విప్పితే కాయిల్ పైకి వస్తుంది, దాన్ని మూడో సిలిండర్‌కు పెట్టి మూడోదాన్ని ఇక్కడికి తెచ్చి, కోడ్ చెరిపి, కాసేపు నడపండి. ఈసారి పి0303 వచ్చిందా, దోషం కాయిల్‌దే, ఒక్క కాయిల్ కొనండి. మళ్లీ పి0301 వచ్చిందా, కాయిల్ మంచిదే, ఇప్పుడు ప్లగ్గును అలాగే మార్చి చూడండి. ప్లగ్గు కూడా కాదంటే ఇంజెక్టరో, కంప్రెషనో, అప్పుడు మెకానిక్ దగ్గరికి పోవాలి, కానీ ఏం చూడమనాలో తెలిసి పోతారు. పైసా ఖర్చు లేకుండా ఇంత కచ్చితంగా తేలే పరీక్ష ఈ లైట్ విషయంలో ఇంకోటి లేదు.

పి0171 అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. దీనికి ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంత ఉందో కొలిచేది) మార్చమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నా లెక్కలో అది తప్పుడు మొదలు. పగిలిన రబ్బరు గొట్టం, ఊడిన వాక్యూమ్ పైపు, సరిగా కూర్చోని ఎయిర్ ఫిల్టర్ డబ్బా, వీటిని ముందు టార్చ్ వేసి చూడండి. మన దగ్గర మే నెల ఎండలకు రబ్బరు నెర్రెలిచ్చేస్తుంది. ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ (ఎంఏఎఫ్) ఉన్న బండి అయితే దాని మీద దుమ్ము పేరుకున్నా ఇదే కోడ్. దాన్ని కడిగే స్ప్రే ప్రత్యేకంగా ఎంఏఎఫ్ క్లీనర్ అనే పేరుతో దొరుకుతుంది, అదే వాడాలి, కార్బొరేటర్ క్లీనర్ కొడితే లోపలి సన్నటి తీగ పాడవుతుంది. బయట వేయించిన సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్ ఉంటే ఒక పని చేయండి, కొన్ని రోజులు పూర్తిగా పెట్రోల్ మీదే నడిపి చూడండి. కోడ్ రాకపోతే గొడవ కిట్ ట్యూనింగ్‌లో ఉంది, ఇంజిన్‌లో కాదు, కిట్ వేసినవాడి దగ్గరికే పోవాలి.

ఎలుకల సంగతి వేరే చెప్పాలా. ఊళ్లో ఇంటి ముందు, వడ్ల బస్తాల పక్కన, పొలం గట్టు మీద బండి పెట్టేవాళ్లకు ఇంజిన్ లైట్ అంటే మొదట వైర్లు చూసుకోవాలి. ఆక్సిజన్ సెన్సర్ హీటర్ సర్క్యూట్ అని కోడ్ వచ్చిందంటే, పి0135 లాంటిది, సెన్సర్ కొనేముందు దాని ఫ్యూజు, దాని వైరు చూడండి. కొరికిన వైరును ఆక్సిజన్ సెన్సర్ దగ్గర టంకం వేయకండి, కొన్ని సెన్సర్లు ఆ వైరు సందుల్లోంచే బయటి గాలి తీసుకుంటాయి, టంకం ఆ దారి మూసేస్తుంది. క్రింప్ కనెక్టర్‌తో కలపడం మేలు.

పి0420 దగ్గర మాత్రం తొందరపడితే నష్టం పెద్దది. క్యాటలిటిక్ కన్వర్టర్ పని తగ్గింది అని దాని అర్థం, వెంటనే కన్వర్టర్ రేటు చెబుతారు, గుండె జారిపోతుంది. ఆగండి. యాప్‌లో లైవ్ డేటా (ఇంజిన్ నడుస్తుండగా సెన్సర్లు చెప్పే లెక్కలు) తెరిచి, ఇంజిన్ బాగా వేడెక్కాక, కన్వర్టర్ తర్వాత ఉన్న రెండో సెన్సర్ వోల్టేజీ చూడండి. అది దాదాపు 0.6, 0.7 వోల్టుల దగ్గర పెద్దగా కదలకుండా ఉంటే కన్వర్టర్ పనిచేస్తున్నట్టే, 0.1కీ 0.9కీ మధ్య వేగంగా కొట్టుకుంటుంటే అది అయిపోవస్తున్నట్టు. అసలు ఈ పరీక్షకు ముందే సైలెన్సర్ జాయింటు దగ్గర లీకు ఉందేమో చూడండి, టుస్ టుస్ మని శబ్దం, నల్లటి మసి మరక కనిపిస్తాయి. లీకు వల్ల బయటి గాలి లోపలికి పోయినా సెన్సర్ తప్పు లెక్క చెబుతుంది. గాస్కెట్‌తో పోయేదానికి కన్వర్టర్ ఎందుకు మార్చాలి? ఒకవేళ కన్వర్టరే పోయిందని తేలితే, అది ఎందుకు పోయిందో కూడా తేల్చాలి, ఇంజిన్ ఆయిల్ తాగుతున్నా మిస్‌ఫైర్ ఉన్నా కొత్తదీ అలాగే పోతుంది.

ఆక్సిజన్ సెన్సర్ మార్చాల్సే వస్తే, వైరు కోసి కలిపే యూనివర్సల్ రకం కంటే మీ బండికి నేరుగా కనెక్టర్ కూర్చునేది కొనండి. బాష్, డెన్సో లాంటి కంపెనీలు బండ్ల కంపెనీలకే సెన్సర్లు చేసి ఇస్తాయి, అదే కంపెనీది నమ్మకమైన దుకాణంలో కొంటే షోరూమ్ డబ్బా కంటే తక్కువకు రావచ్చు. మరీ తక్కువ రేటుకు వచ్చేవి వద్దు, డబ్బా మీద పేరు ఒకటే ఉన్నా లోపల సరుకు వేరు ఉంటుంది. ఎక్కువగా 22 నంబర్ సాకెట్ పడుతుంది, గోరువెచ్చగా ఉన్నప్పుడు తేలిగ్గా విడుస్తుంది, మరీ బిగుసుకుపోతే బలం పెట్టి మర పాడుచేయకుండా షెడ్డులో విప్పించుకోండి. బండి కింద దూరే పని ఏదైనా జాకీ ఒక్కదాన్నే నమ్మి దూరొద్దు, స్టాండ్లు లేకపోతే ఆ పని మీది కాదు.

డీజిల్ బండి: ఇంట్లో చేసేది కొంచెమే, కానీ అదే ముఖ్యం

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 వచ్చాక డీజిల్ కార్లకు డీపీఎఫ్ తప్పనిసరి భాగం అయిపోయింది. పొగలోని మసిని పట్టుకుని, నిండాక దాదాపు 600 డిగ్రీల వేడి మీద దాన్ని కాల్చేసుకునే ఫిల్టర్ ఇది. ఆ వేడి రావాలంటే బండి కాసేపు ఆగకుండా పోవాలి. పొద్దున బడికి, సాయంత్రం మార్కెట్‌కు, టౌన్ దాటకుండా తిరిగే డీజిల్ బండికి ఆ అవకాశమే దొరకదు, మసి నిండుతుంది, డీపీఎఫ్ లైట్ వస్తుంది.

ఇక్కడ దారులు నాలుగు చెబుతారు. మొదటిది హైవే రన్. లైట్ కొత్తగా వచ్చినప్పుడు, బండి ఇంకా మామూలుగా లాగుతున్నప్పుడు ఇదే సరైనది, ఖర్చు డీజిలే. నల్గొండ వాళ్లు నార్కట్‌పల్లి దగ్గర 65 నంబర్ హైవే ఎక్కి సూర్యాపేట వైపు, మహబూబ్‌నగర్ వాళ్లు జడ్చర్ల దగ్గర 44 ఎక్కి కొత్తకోట వైపు, 60 కిలోమీటర్లు దాటిన నిలకడ స్పీడుతో, ఒక గేరు తక్కువలో ఆర్‌పీఎం 2000 పైన ఉంచి, ఇరవై నిమిషాలకు తగ్గకుండా పోండి. ట్యాంకులో డీజిల్ రిజర్వుకు పడి ఉంటే చాలా బండ్లు ఈ కాల్చే పని మొదలే పెట్టవు, అందుకని ముందు డీజిల్ కొట్టించుకోండి. మధ్యలో టీ కోసం ఆపకండి. ఆపాల్సి వస్తే వరిగడ్డి మీద, ఎండిన గడ్డి మీద మాత్రం ఆపొద్దు. కోతల రోజుల్లో మన రోడ్ల పక్కన గడ్డి ఎలా పరిచి ఉంటుందో తెలుసు కదా, ఆ సమయంలో బండి కింద సైలెన్సర్ వేడికి అంటుకోవడానికి నిమిషం చాలు.

రెండోది ట్యాంకులో పోసే డీపీఎఫ్ క్లీనర్. హైవే రన్‌కు తోడుగా కొంత పనికొస్తుందేమో గానీ, రన్ లేకుండా ఉత్త సీసాతో లైట్ పోతుందని ఆశపడకండి. మూడోది సర్వీస్ సెంటర్‌లోనో మంచి స్కానర్ ఉన్న షెడ్డులోనో బండిని నిలిపి స్కానర్‌తో మసి కాల్పించడం. బండి పికప్ తగ్గిపోయి, లింప్ మోడ్‌లోకి (ఇంజిన్ తనను కాపాడుకోవడానికి పవర్ తగ్గించుకునే స్థితిలోకి) పోయి, పి2463 లాంటి మసి ఎక్కువైన కోడ్ ఉంటే ఇక హైవే ప్రయోగాలు వద్దు, నేరుగా దీనికే పోండి. పోయేముందు ఇంట్లో డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ లెవల్ మాక్స్ గీత దాటి, వేళ్ల మధ్య పల్చగా, డీజిల్ వాసన వస్తుంటే, సగంలో ఆగిపోయిన రీజనరేషన్లలో (ఆ మసి కాల్చే పనిలో) డీజిల్ ఆయిల్‌లో కలిసిందని అర్థం. ఆయిల్ మార్చకుండా ఆ బండిని హైవే మీద తోలకూడదు. మార్చేటప్పుడు డీపీఎఫ్‌కు తగ్గ, కాలినా తక్కువ బూడిదే మిగిల్చే ఆయిల్, మీ మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి.

నాలుగోది, అన్నిటికంటే ఎక్కువగా చెవిన పడేది: "అన్నా, డీపీఎఫ్ తీసేసి పైపు వేసి, కంప్యూటర్‌లో ఇంజిన్ మ్యాప్ (ప్రోగ్రామ్) మార్చేద్దాం, జిందగీల లైట్ రాదు." ఈ దారి వద్దే వద్దు. పికప్ పెరుగుతుంది, మైలేజ్ పెరుగుతుంది అని ఆశ పెడతారు. మోటారు వాహనాల చట్టం 190(2) కింద కాలుష్య ప్రమాణాలు తప్పిన బండికి పది వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉంది. వారంటీ పోతుంది, అమ్మేటప్పుడు తెలిసినవాడు కొనడు. ఇవన్నీ పక్కన పెట్టినా, ఆ మసి ఎక్కడికి పోతుంది? బడి గేటు ముందు నిలబడ్డ మన పిల్లల ఊపిరితిత్తుల్లోకే కదా. టౌన్‌లోనే తిరిగే పని అయితే తర్వాతిసారి పెట్రోల్ బండి కొనుక్కోవడం న్యాయం.

యాడ్‌బ్లూ (పొగలోని విషవాయువులను తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం) వాడే డీజిల్ బండ్లకు ఇంకో హెచ్చరిక. అది శుద్ధమైన నీటిలో 32.5 శాతం యూరియా. ఇది విని, ఇంట్లో యూరియా బస్తా ఉంది కదా, నీళ్లలో కలిపి పోస్తే సరిపోతుంది అనుకునేవాళ్లు ఉన్నారు. అస్సలు వద్దు. పొలానికి వచ్చే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, మన బోరు నీళ్లలో ఉప్పులు, సున్నం ఉంటాయి, నల్గొండ వైపు ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే. ఇవన్నీ ఇంజెక్టర్‌ను మూసేసి, ఆ వాయువులను శుభ్రం చేసే ఎస్‌సీఆర్ క్యాటలిస్టును చంపేస్తాయి. మూత సీలు ఉన్న డబ్బాలో, ఐఎస్‌ఓ 22241 అని రాసి ఉన్నదే కొనండి, తేదీ చూడండి, వేసవిలో రేకుల షెడ్డులో నిల్వ పెట్టకండి, వేడికి అది చెడుతుంది. అయిపోవస్తోంది, ఇన్ని కిలోమీటర్లే మిగిలాయి అని బండి చెబుతుంటే వాయిదా వేయొద్దు, లెక్క సున్నాకు వచ్చాక ఇంజిన్ ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు.

ఈజీఆర్ వాల్వ్‌కు (కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వ్‌కు) కార్బన్ పట్టడం, పి0401 లాంటి కోడ్, ఇది మధ్యరకం. వాల్వ్ పైకే కనిపిస్తూ, చేయి పట్టేలా ఉంటే విప్పి కడుక్కోవచ్చు, కొత్త గాస్కెట్ ముందే తెచ్చిపెట్టుకుని. లోపలి రేకును స్క్రూడ్రైవర్‌తో బలవంతంగా తిప్పకండి, మోటారు గేర్లు విరుగుతాయి. ఇంజిన్ వెనక దాగి, కూలెంట్ పైపులు విప్పితే గానీ రాని బండ్లకు షెడ్డే మేలు.

షెడ్డా, షోరూమా

వారంటీ అయిపోయిన పెట్రోల్ బండికి నా ఓటు షెడ్డుకే, లైవ్ డేటా చూపించి మాట్లాడే మెకానిక్ దొరికితే. "ఏ రీడింగ్ చూసి ఈ పార్టు పోయిందంటున్నావు అన్నా?" అని మర్యాదగా అడగండి, తెలిసినవాడు సంతోషంగా చూపిస్తాడు, తెలియనివాడు విసుక్కుంటాడు. బీఎస్6 డీజిల్‌కు, డీపీఎఫ్, యాడ్‌బ్లూ విషయాలకు షోరూమే, రేటు ఎక్కువైనా సరే, ఎందుకంటే కొత్త పార్టు పెట్టాక కంప్యూటర్‌కు ఆ సంగతి చెప్పే పని చాలా బండ్లలో వాళ్ల స్కానర్‌తోనే సాఫీగా అవుతుంది. ఎక్కడ చేయించినా పాత పార్టు చేతికి ఇమ్మనండి, బిల్లు మీద కోడ్ నంబర్ రాయించుకోండి.

పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కదా, ఇక లైట్‌తో పనేంటి అని కొందరు వదిలేస్తారు. మన దగ్గర ఆ పరీక్ష సైలెన్సర్‌లో గొట్టం పెట్టి పొగను కొలుస్తుంది, ఓబీడీ సాకెట్‌కు ఏమీ తగిలించదు, నిలబడ్డ బండి పాసైనా రోడ్డు మీద లోపం అలాగే ఉండొచ్చు.

రిపేరు అయ్యాక కోడ్ చెరిపి, వెంటనే సంబరపడకుండా మామూలుగా నడపండి. చాలా లోపాలకు వరుసగా రెండు ప్రయాణాల్లో తప్పు కనిపిస్తేనే లైట్ వెలుగుతుంది, మీరు చెరపకపోయినా మూడు ప్రయాణాలు శుభ్రంగా సాగితే దానంతటదే ఆరిపోతుంది. చల్లటి స్టార్ట్ ఒకటి, టౌన్‌లో కాసేపు, హైవే మీద కాసేపు, ఇలా కలిపి ఒక వారం తిరిగి మళ్లీ స్కానర్ పెట్టండి. లైట్ లేకపోయినా పెండింగ్ కోడ్లు (తప్పు కనిపించినా ఇంకా లైట్ వెలిగించనివి) అనే చోట చూడండి, అక్కడ అదే నంబర్ కనిపిస్తే పని ఇంకా మిగిలి ఉంది, పార్టు అమ్మినవాడికి బిల్లుతో సహా వెంటనే చూపించండి.